కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్, అధిక రక్తస్రావం: రెండూ ఒకే మత్తులో తేల్చుకోవచ్చా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది ఉరవకొండ దగ్గర పల్లె. నాకు 37 ఏళ్లు. ఇద్దరు బిడ్డలు, పెద్దది పదో తరగతి, చిన్నోడు ఏడు. రెండో కాన్పప్పుడు రక్తం తక్కువుందని పిల్లల ఆపరేషన్ చేయలేదు. ఆ తర్వాత పనుల్లో పడి కుదరలేదు. పోయినేడు నెల తప్పితే మాత్రలు వాడి తీయించుకున్నా. మళ్లీ ఆ బాధ పడలేను. ఇదొకటైతే, రెండేళ్ల నుంచి ముట్టు వస్తే తొమ్మిది పది దినాలు పోతోంది. మొదటి మూడు నాళ్లూ గడ్డలు గడ్డలుగా పడుతుంది, రాత్రిపూట రెండుసార్లు లేచి ప్యాడ్ మార్చుకోవాల. చెనక్కాయ పెరకడానికి పోయి చేలోనే కళ్లు తిరిగి పడిపోయినా. రక్తం 7.4 ఉందన్నారు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, కు.ని. ఆపరేషన్ చేసి అదే మత్తులో గర్భసంచి లోపలి పొరను కాల్చేస్తాం, రెండు బాధలూ ఒకేసారి పోతాయన్నారు. మా అత్త ఏమో, ఎందుకీ తిప్పలు, సంచే తీయించుకో, మన వీధిలో నలుగురు తీయించుకోలేదా అంటుంది. ఆడబిడ్డ, కు.ని. చేయించుకుంటే రక్తం ఇంకా ఎక్కువ పోతుందని భయపెడుతోంది. మా ఆయన లారీ డ్రైవరు, నీ ఇష్టం అంటాడు. నేనేం చేయాల? (ఒక సోదరి, అనంతపురం జిల్లా)

సమాధానం:

అమ్మా, అన్నిటికన్నా ముందు ఆ 7.4 సంగతి మాట్లాడదాం. హిమోగ్లోబిన్ 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీరు చేలో పడిపోయింది ఎండకు కాదు, పని చేతకాకా కాదు. ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగానికి కాస్త ఎక్కువే మిగిలింది. దానితోనే ఇల్లు, కూలి, బిడ్డలు అన్నీ ఈడ్చుకొస్తున్నారు. ఈ స్థితిలో ఏ ఆపరేషన్ గురించీ తొందర పడొద్దు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం హిమోగ్లోబిన్ 7 ఉంటే కు.ని. చేయడానికి ఒప్పుకుంటారు, నిజమే. కానీ 7 అనేది ఆఖరి గీత. దానికి 0.4 పైన ఉన్నామని ధైర్యంగా బల్ల ఎక్కమని నేను చెప్పను.

ఇంకో మాట మీకెవరూ చెప్పి ఉండరు. కు.ని. ఆపరేషన్ ఎవరికి ఎప్పుడు చేయొచ్చో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పట్టిక ఇచ్చింది. అందులో, కారణం తెలియని రక్తస్రావం ఉన్న స్త్రీకి ఆ కారణం తేల్చేదాకా ఆపరేషన్ వాయిదా వేయాలని ఉంది. మీ ఉత్తరంలో స్కానింగ్ మాట ఎక్కడా లేదు. పొర కాల్చేద్దామన్న డాక్టర్ ఆ రక్తం ఎందుకు పోతోందో మీకు చెప్పారా? చెప్పకపోతే వరస తిరగబడినట్టే. కారణం తెలిశాక వైద్యం ఎంచుకుంటాం, వైద్యం ముందే ఎంచుకుని కారణాన్ని వదిలేయం.

కారణాలు చాలా ఉంటాయి. గర్భసంచిలో పిలకల్లా పెరిగే పాలిప్స్, కండలో పెరిగే ఫైబ్రాయిడ్ గడ్డలు, లోపలి పొర కండలోకి చొచ్చుకుపోయి సంచి ఉబ్బే అడినోమయోసిస్, థైరాయిడ్ తేడా, అండం సరిగా విడుదల కాకపోవడం, రక్తం గడ్డకట్టే గుణంలో పుట్టుకతో వచ్చిన లోపం, చాలా అరుదుగా పొరలో కేన్సర్ మార్పులు. కొందరిలో పరీక్షలన్నీ బాగానే ఉండి, పొర దగ్గరే రక్తం ఆగే పద్ధతి గాడి తప్పి ఉంటుంది. వీటిలో పాలిప్ అయితే దాన్ని తీసేస్తే చాలు. థైరాయిడ్ అయితే రోజుకో మాత్ర. సంచి లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ అయితే పొర కాల్చడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. అందుకే అడుగుతున్నాను: గర్భ పరీక్ష, రక్త పరీక్ష, థైరాయిడ్, కింది నుంచి చేసే స్కానింగ్, ఈ నాలుగూ ముందు కావాలి. పోయినేడు మాత్రలతో తీయించుకున్నారు కాబట్టి లోపల ముక్కలేమీ మిగల్లేదని కూడా ఆ స్కాన్‌లోనే చూసుకోవచ్చు. పొర మందంగా కనిపించినా, మందులకు లొంగకపోయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. నలభై దాటిన వాళ్లకైతే ఆ ముక్క పరీక్ష దాదాపు అందరికీ చేయాలి. పొర కాల్చాలనుకుంటే మాత్రం మీ వయసుకైనా అది తప్పనిసరి.

ఈ లోగా రక్తం పోవడం తగ్గాలి, ఒంట్లో రక్తం పెరగాలి. ట్రనెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే, డాక్టర్ రాసిచ్చిన మోతాదులో వేసుకుంటే రక్తం ఇంచుమించు సగం తగ్గుతుంది. అవి హార్మోన్లు కావు. కాలి నరాల్లోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం వాడకూడదు, ఆ సంగతి ముందే చెప్పండి. మెఫెనమిక్ ఆమ్లం నొప్పినీ తగ్గిస్తుంది, రక్తాన్నీ కొంత తగ్గిస్తుంది. ఐరన్ విషయానికొస్తే, 7.4 దగ్గర మాత్రలతో నెమ్మదిగా లాక్కొచ్చే కన్నా సెలైన్‌లో ఐరన్ ఎక్కించుకోవడం మేలు. దాన్ని రక్తం ఎక్కించడమనుకుని భయపడొద్దు, అది మందే. ఆ తర్వాత మూడు నెలలైనా మాత్రలు ఆపకండి. వేసుకున్న వెంటనే టీ తాగితే, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే బాగా పడుతుంది. రాగి సంగటి మంచి తిండే, ఎముకలకు బలం. కానీ సంగటి తింటున్నాను కదా, రక్తం పడుతుందిలే అని ఊరుకుంటే ఈ లోటు పూడదు.

మీ ఆడబిడ్డ మాటకు వస్తాను, ఎందుకంటే ఆ భయం ఆమె ఒక్కదానిదే కాదు. ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. కు.ని. ఆపరేషన్‌లో గర్భనాళాలను మాత్రమే ముడేస్తారు, లేదా ఉంగరం వేస్తారు. గర్భసంచిని ముట్టుకోరు, అండాశయాలను ముట్టుకోరు. ముట్టును నడిపే హార్మోన్లు రక్తంలో వస్తాయి, నాళాల్లో కాదు. అమెరికాలో ఈ ఆపరేషన్ చేయించుకున్న తొమ్మిది వేల మందికి పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించి, భర్తలు ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలతో పోల్చారు. ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. అధిక రక్తస్రావం పెరగలేదు. మరి ఊళ్లో అందరూ ఎందుకంటారు? గర్భనిరోధక మాత్రలు వాడినన్నాళ్లూ ముట్టు తక్కువగా ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక మాత్రలు ఆపేస్తారు, అసలు ముట్టు బయటపడుతుంది. పైగా ఇరవై మూడేళ్లకు ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ముప్పై ఏడేళ్లకు గడ్డలొస్తే, మధ్యలో పద్నాలుగేళ్లు గడిచినా తప్పు ఆపరేషన్ మీదికే పోతుంది. అయితే రెండో వైపు కూడా చెప్పాలి: కు.ని. వల్ల రక్తం పోవడం తగ్గదు కూడా. మీ రెండు బాధల్లో అది ఒక్కదానికే మందు.

ఇక అసలు ప్రశ్న. కు.ని., పొర కాల్చడం కలిపి చేయొచ్చా? చేయొచ్చు. ఆ డాక్టర్ లేనిదేమీ కల్పించి చెప్పలేదు. రెండింటికీ ఉన్న లంకె కూడా నిజమే. పొర కాల్చడమంటే గర్భసంచి లోపలి గోడను వేడితోనో విద్యుత్ తరంగాలతోనో మాడ్చేయడం. వేడి నీళ్ల బెలూన్ పెట్టి చేసే పద్ధతీ ఉంది. కోత ఉండదు, చాలామంది ఆ రోజే ఇంటికి పోతారు, ఎక్కువ మందికి రక్తం బాగా తగ్గుతుంది, కొందరికి ముట్టే ఆగిపోతుంది. కానీ అది గర్భనిరోధం కాదు. ముట్టు ఆగిపోయినా గర్భం రావచ్చు. మాడిన గోడ మీద గర్భం నిలిస్తే తల్లి ప్రాణం మీదికే వస్తుంది: మాయ కండలోకి పాతుకుపోవడం, నాళంలో గర్భం, నెలలు నిండకుండా కాన్పు. అందుకే పొర కాల్చుకున్న స్త్రీకి ముట్లుడిగే దాకా గట్టి గర్భనిరోధం ఉండి తీరాలి. ఎలాగూ మత్తిస్తున్నాం కదా, నాళాలూ ముడేద్దాం అనేది అక్కడి నుంచి వచ్చిన ఆలోచనే.

అందులో మీకు చెప్పని ఇబ్బంది ఒకటుంది. ఎంత బాగా కాల్చినా గర్భసంచి పై మూలల్లో, నాళాలు మొదలయ్యే చోట, కొంత పొర మిగిలిపోవచ్చు. అది ప్రతి నెలా యథాప్రకారం రక్తం కారుస్తుంది. కింద మచ్చకట్టి దారి మూసుకుపోయి ఉంటుంది, పక్కన నాళం ముడేసి ఉంటుంది. ఆ రక్తం పోయే దారి లేక మూలలో ఉబ్బి, నెలనెలా పొత్తికడుపులో ఒక పక్కనో రెండు పక్కలానో మెలిపెట్టే నొప్పి వస్తుంది. దీన్ని వైద్యులు మొదటిసారి 1993లో వివరించారు. అందరికీ రాదు. పది మందిలో ఒకరి దాకా ఉండొచ్చని కొన్ని లెక్కలున్నాయి. కానీ వచ్చిన వాళ్లలో చాలామందికి చివరికి గర్భసంచో నాళాలో తీయాల్సి వస్తుంది. కాల్చిన వెంటనే రాదు, ఏడాదికో మూడేళ్లకో మొదలవుతుంది. అప్పటికి దేనివల్లో ఎవరికీ గుర్తుండదు, గ్యాస్ నొప్పనీ, ఒంటేలు ఇన్‌ఫెక్షన్ అనీ తిరుగుతుంటారు.

రెండోది మీ వయసు. నలభై అయిదు దాటిన స్త్రీకి పొర కాల్చితే, మళ్లీ సమస్య వచ్చేలోపు ముట్లే ఆగిపోయే అవకాశం ఎక్కువ. మీకు ఇంకా పదేళ్లకు పైనే ముట్లున్నాయి. నలభై లోపు కాల్చుకున్న వాళ్లలో పొర మళ్లీ మొలిచో, నొప్పి వచ్చో గర్భసంచి తీయించుకునే వాళ్లు పెద్ద వయసు వాళ్లకన్నా ఎక్కువ. అంటే ఒకేసారి తేలిపోతుందనుకున్నది మీ విషయంలో రెండో ఆపరేషన్‌కు దారి తీసే ప్రమాదం ఉంది. ఇవన్నీ తెలిసి ఒప్పుకుంటే అది మీ నిర్ణయం, నేను కాదనను. తెలియకుండా సంతకం పెట్టడమే నాకు ఇష్టం లేదు.

మరి మీకు ఏది చెబుతాను? పరీక్షల్లో పెద్ద గడ్డలు, కేన్సర్ అనుమానం లాంటివి లేవని తేలితే, నేను మొదట చెప్పేది హార్మోన్ ఉన్న లూప్. చూడటానికి కాపర్-టి లాగే ఉంటుంది, గుణం మాత్రం పూర్తిగా వేరు. కాపర్-టి ముట్టును పెంచవచ్చు, ఇది తగ్గిస్తుంది. ఇందులో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. అది రోజూ రవ్వంత విడుదలై గర్భసంచి పొరను పలచగా ఉంచుతుంది. ఏడాది తిరిగేసరికి చాలామందిలో రక్తం పదింట తొమ్మిది వంతుల దాకా తగ్గుతుంది. గర్భం రాకుండా ఆపడంలో కు.ని.కి ఏమాత్రం తీసిపోదు. మొదటి ఏడాదిలో కు.ని. వెయ్యి మందిలో అయిదుగురి దాకా విఫలమైతే, ఇది వెయ్యిలో ఇద్దరికి మించదు. కు.ని. ఆపరేషన్ అంటే నూటికి నూరు పాళ్లు అని అందరూ అనుకుంటారు, కానీ పదేళ్లలో వెయ్యి మందికి పద్దెనిమిది మందికి పైగా గర్భం వచ్చినట్టు పైన చెప్పిన అమెరికా పరిశీలనలోనే తేలింది.

అంటే మీరు అడిగిన రెండు పనులూ కోత లేకుండా, చాలామందికి మత్తు కూడా లేకుండా, ఓపీలోనే అయిపోతాయి. రక్తస్రావానికి అయిదేళ్లు, గర్భనిరోధానికి ఎనిమిదేళ్ల దాకా పనిచేస్తుంది. నచ్చకపోతే తీసేయొచ్చు. కాల్చిన పొరను వెనక్కి తేలేం.

దాని ఇబ్బందులూ చెబుతాను. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ విసిగిస్తుంది. చాలామంది రెండో నెలలోనే వచ్చి తీసేయండి అంటారు, బలవంతం చేయం కానీ ఆ కొన్ని నెలలు ఓపిక పట్టిన వాళ్లు సంతోషపడతారు. రక్తం బాగా పోయే వాళ్లకు జారి పడిపోవచ్చు కూడా, అందుకే దారం తడిమి చూసుకోవడం నేర్పించుకోవాలి. రొమ్ము కేన్సర్ వచ్చిన వాళ్లకు, గర్భసంచి ఆకారం గడ్డలతో వంకర పోయిన వాళ్లకు పనికిరాదు. కొందరికి ముట్టు పూర్తిగా ఆగిపోతుంది. చెడు రక్తం లోపలే నిలిచిపోయి రోగం చేస్తుందని మీ అత్త అనొచ్చు. లోపల నిలిచే రక్తమంటూ ఏదీ ఉండదు. పొర పెరగదు కాబట్టి ఊడి పడేదేమీ ఉండదు, అంతే.

ఖర్చు అడ్డమైతే మీ ఊరి ఆశా కార్యకర్తను ఛాయ మాత్రల గురించి అడగండి. ఇది లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు, హార్మోన్ కాదు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. గర్భాన్ని ఆపుతుంది, చాలామందిలో ముట్టు తగ్గిస్తుంది, దూరం కూడా చేస్తుంది. అధిక రక్తస్రావానికి వైద్యంగా ఇదే మందును ఇంకా ఎక్కువ మోతాదులో రాస్తారు, కాబట్టి సొంతంగా లెక్క పెంచుకోవద్దు. అండాశయంలో నీటి తిత్తులు, కామెర్లు ఉన్న వాళ్లకు ఇది వద్దు.

లేదమ్మా, నాకు శాశ్వతంగానే కావాలి, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కలేను అంటారా? అదీ న్యాయమైన కోరికే. అప్పుడు కలపాల్సింది కు.ని., కాల్చడం కాదు. కు.ని. చేసే మత్తులోనే హార్మోన్ లూప్ వేయించుకోవచ్చు. మూలల్లో రక్తం ఇరుక్కునే గొడవ ఉండదు.

ఇంకా సులువైన దారి మీ ఇంట్లోనే ఉంది. ఆయన "నీ ఇష్టం" అన్నారు కదా, ఆ ఇష్టాన్నే ఆయనకు చెప్పండి. మగవాళ్ల ఆపరేషన్‌కు కత్తి అక్కర్లేదు, కుట్టు అక్కర్లేదు, అక్కడొక్క చోటే మొద్దుబారే సూది ఇస్తారు, అరగంటలోపు అయిపోతుంది. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులెత్తకుండా ఉంటే చాలు, మళ్లీ స్టీరింగ్ పట్టుకోవచ్చు. మూడు నెలల దాకా వేరే జాగ్రత్త వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాక నిశ్చింత. మగతనం తగ్గదు, నరాల బలం తగ్గదు, గడ్డం మీసం ఎక్కడికీ పోవు. హార్మోన్ తయారయ్యే చోటును అసలు ముట్టుకోరు. మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పది మందికి దాదాపు ఏడుగురు కు.ని. చేయించుకున్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. మగవాళ్ల లెక్క నూటికి ఒకరు కూడా లేదు. ఒంట్లో 7.4 రక్తంతో ఉన్న మనిషి బల్ల ఎక్కాలా, ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎక్కాలా అని మీ ఆయన్నే అడగండి. రేపు ఎప్పుడైనా పొర కాల్చాల్సి వచ్చినా, ఆయన ఆపరేషన్ చేయించుకుని ఉంటే మీ నాళాలు తెరిచే ఉంటాయి, నేను పైన చెప్పిన ఆ మెలిపెట్టే నొప్పి భయం చాలా తగ్గుతుంది.

అత్తగారి మాట చివరికి ఉంచాను కానీ నాకు ఎక్కువ కలవరం పుట్టించింది అదే. సంచి తీయించుకోవడం మన దగ్గర పన్ను పీకించుకున్నంత మామూలు మాట అయిపోయింది. దేశంలో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. అవసరం లేకుండా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. గర్భసంచి తీయడం పెద్ద ఆపరేషన్. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి ముందే డస్సిపోతాయి. అవీ తీసేస్తే ముప్పై ఏడేళ్లకే ముట్లుడిగి, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముందే తలుపు తట్టడం మొదలవుతాయి. వంగి చెనక్కాయ పెరికే ఒళ్లు మీది. కేన్సర్, పెద్ద గడ్డలు, ఏ వైద్యానికీ లొంగని రక్తస్రావం ఉంటే తీయాల్సిందే, అప్పుడు నేనే తీయించుకోమంటాను. "ఉంచితే కేన్సర్ అవుతుంది" అని ఎవరైనా అంటే మాత్రం, ఏ ముక్క పరీక్షలో వచ్చింది, ఆ కాగితం చూపించండి అని అడగండి.

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో స్త్రీల విభాగం ఉంది, పరీక్షలన్నీ అక్కడే అవుతాయి. ధర్మవరం వైపు పని ఉంటే బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి కూడా ఉంది. ముట్టు ఆగిన వారంలో వెళ్తే స్కానింగ్ బాగా కనబడుతుంది. ముట్టు మొదలైన తేదీ, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డల పరిమాణం, ఇవి రెండు నెలలవి ఒక కాగితం మీద రాసుకుని పోండి. అక్కడే గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా చేయించుకోండి. అయితే గంటకో ప్యాడ్ చొప్పున రెండు మూడు గంటలు వరసగా తడుస్తుంటే, నిలబడితే కళ్లు చీకట్లు కమ్మితే, గుండె దడదడలాడితే, తేదీలూ కాగితాలూ చూడకుండా 108కి ఫోన్ చేయండి.

మీ ఆయన ట్రిప్పు లేని రోజు చూసుకుని ఇద్దరూ కలిసే వెళ్లండి. స్కాన్ రిపోర్టు, ముక్క పరీక్ష చేస్తే ఆ రిపోర్టు వచ్చాక వాటిలో ఏముందో నాకు మళ్లీ రాయండి.